ముఖానికి పూసేముందు పొట్టను అడగండి

మొటిమలకో క్రీము, మచ్చలకో క్రీము, రంగు తేలడానికో క్రీము. మందుల షాపుల అద్దాల బీరువాల్లో వీటి పక్కన ఇప్పుడు ఇంకో సరుకు చేరింది. పొట్టలో మంచి బ్యాక్టీరియాను పెంచి ముఖానికి నిగారింపు తెస్తామనే పొడులు, గోళీలు. పొట్టకూ చర్మానికీ సంబంధం ఉన్నమాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని సాగుతున్న వ్యాపారం చూస్తేనే నాకు దిగులు. నిజం తెలిసినవాళ్లు చెప్పకపోతే అమ్మేవాళ్లు చెప్పిందే నిజమైపోతుంది.

ఆ సంబంధానికి బలమైన సాక్ష్యం మన హైదరాబాదులోనే ఉంది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థగా ఇప్పుడు మనకు తెలిసినది అదే. ఆ రోజుల్లో ఇక్కడి ఆసుపత్రులకు పెల్లాగ్రా రోగులు వస్తుండేవారు. చాలామంది జొన్న రొట్టె, జొన్న గటకలతోనే కడుపు నింపుకునే కూలీలు. ఎండ తగిలే చోటల్లా, అంటే ముంజేతులు, పాదాలు, మెడ మీద చర్మం నల్లబడి, మందమై, పొట్టు రాలేది. మెడ చుట్టూ ఆ నలుపు హారం వేసినట్టు ఉండేది. దాంతోపాటు నోటిపూత, ఆగని విరేచనాలు. ముదిరితే మతిమరుపు, మనోవ్యాకులత, చివరికి మతి చలించడం. చర్మం, పేగు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతినే జబ్బు అది.

స్పెయిన్‌లో గాస్పార్ కాసల్ అనే వైద్యుడు 1735లోనే దీన్ని గుర్తించాడు. దాదాపు రెండు శతాబ్దాలపాటు అంటురోగమనో, పాడైన ధాన్యం వల్లనో అనుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915లో మిసిసిపీ జైలు ఖైదీలకు, వాళ్ల ఒప్పుకోలుతో, మొక్కజొన్నపిండి ప్రధానంగా ఉన్న నాసిరకం తిండి పెట్టి చూశాడు. నెలలు గడిచేసరికి కొందరికి పెల్లాగ్రా వచ్చింది. తిండిలో లోపమే కారణమని తేలింది. లోపించినది నయాసిన్ అనే బి విటమిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ నిరూపించాడు.

మొక్కజొన్నలోని నయాసిన్ చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. జొన్న అలా కాదని అప్పట్లో అనుకున్నారు. అయినా జొన్న తినేవాళ్లకు ఈ జబ్బు ఎందుకొస్తోంది? డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య ఆ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం, ఒంట్లో నయాసిన్ తయారీకి అడ్డుపడుతోందని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు జరిగాయి. నయాసిన్ ఇచ్చి, తిండి మెరుగుపరిస్తే రోగి కోలుకుంటాడన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు. విరేచనాలు, మతి చలనం రోజుల్లో సర్దుకుంటాయి, చర్మం వారాల్లో మామూలవుతుంది.

పేగూ చర్మమూ కలిసి దెబ్బతినడానికి కారణం ఉంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. చర్మం పైపొర నెలకు అటూఇటూగా మారుతుంది. నిత్యం కొత్త కణాలు పుట్టించుకునే ఈ రెండు పొరలకూ ముడిసరుకు అందకపోతే అవే ముందు నీరసిస్తాయి. ఎండకు దెబ్బతిన్న కణాన్ని బాగుచేసుకోవడానికి కూడా నయాసిన్ కావాలి. అందుకే ఎండ తగిలినచోట మచ్చ పడుతుంది.

తిండిలో ఉన్నా పేగు పీల్చుకోలేకపోవడం మరో కథ. పుట్టుకతో జింకును పీల్చుకునే శక్తి లోపించిన పిల్లలకు, తల్లిపాలు మాన్పించాక నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, వేళ్ల మీద చర్మం ఒరిసిపోతుంది. విరేచనాలవుతాయి, జుట్టు రాలుతుంది. నార్వే వైద్యులు 1942లో దీన్ని వేరే జబ్బుగా వర్ణించారు. అసలు కారణం జింకు లోపమని 1970లలో తెలిసింది. అంతవరకు ప్రాణాలు తీసిన జబ్బు, రోజూ జింకు ఇస్తే త్వరలోనే తగ్గుముఖం పడుతుంది. ఆ బిడ్డ ఒంటికి ఎన్ని లేపనాలు రాసినా దక్కేది కాదు.

మూడోది, తిన్నది పేగుకు గిట్టకపోవడం. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారిలో కొందరికి మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద విపరీతమైన దురదతో చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. పొట్టలో ఏ బాధా తెలియకపోవచ్చు కూడా. గజ్జి అనుకుని ఏళ్లతరబడి మందులు రాసుకునేవారుంటారు. గోధుమ, బార్లీ మానేస్తేనే అది మూలంతో సహా తగ్గుతుంది. సీలియాక్ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో బాగా తక్కువ. అయితే షుగరు భయంతో రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారిన ఇళ్లు మన దగ్గర ఇప్పుడు కోకొల్లలు. అలా మారాక మొదలైన దురద అయితే డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి.

గోడకు లోపలినుంచి చెమ్మ పడుతుంటే పైన ఎన్నిసార్లు సున్నం వేసినా పెచ్చులూడక మానదు. ఈ మూడు జబ్బుల్లోనూ జరిగేది అదే.

మరి డబ్బాల్లో అమ్మే మంచి బ్యాక్టీరియా సంగతి? ఈ ఆలోచన పాతదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యులు స్టోక్స్, పిల్స్‌బరీ, మనసులోని ఆందోళన పేగులోని సూక్ష్మజీవులను మార్చి, చర్మంలో వాపు పుట్టిస్తుందని 1930లోనే రాశారు. ఆసిడోఫిలస్ బ్యాక్టీరియాతో తోడుపెట్టిన పాలు తాగమన్నారు. ఫిన్లాండ్‌లో గర్భిణులకు, పసిపిల్లలకు లాక్టోబాసిలస్ ఇచ్చి చూస్తే పిల్లల్లో ఎగ్జిమా సగానికి తగ్గిందని 2001లో ఒక అధ్యయనం చెప్పింది. ఆశలు చిగురించాయి. కానీ ఎగ్జిమా వచ్చాక ప్రోబయోటిక్స్, అంటే ఈ మంచి బ్యాక్టీరియా, ఇస్తే ఎంత మేలని పరీక్షలన్నీ కలిపి చూసిన 2018 కొక్రేన్ సమీక్ష, లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా బహుశా ఉండదని తేల్చింది. పరిశోధన సాగుతోంది, సాగాలి కూడా. అది తేలేలోగా వాటిని మందని అమ్మడం సరికాదు.

మొటిమల విషయంలో తిండి పాత్ర కొంత స్పష్టంగా ఉంది. పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో, దుంపలు, పళ్లు, చేపలు, కొబ్బరి తినేవారిలో పరిశోధకులకు మొటిమలు కనిపించలేదు. రక్తంలో చక్కెరను గభాలున పెంచే తిండి తగ్గిస్తే మొటిమలు తగ్గాయని ఆస్ట్రేలియాలో యువకులపై జరిపిన పరీక్ష 2007లో చూపింది. అది ఇన్సులిన్ ద్వారా జరిగే పని. పొట్టలో మలినం పేరుకుపోయి జరిగేది కాదు. మెడ మీద ముదురు నలుపు మడతలు కూడా చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. దాన్ని మురికనుకుని పీచుతో రుద్ది రుద్ది ఏడిపించే తల్లులకు ఈ మాట చేరాలి.

మన నమ్మకాల్లోనూ సవరించుకోవాల్సినవి ఉన్నాయి. పిల్లల బుగ్గల మీద తెల్లని మచ్చలు కనిపిస్తే పొట్టలో పురుగులని చెప్పి నులిపురుగుల మందు వేస్తారు. ఆ మచ్చలు మామూలుగా పొడిచర్మం వల్ల వచ్చే చిన్నపాటి ఎగ్జిమా. కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి. రక్తం చెడిందని, విరేచనాలైతే శుద్ధి అవుతుందని ఆముదం పట్టించడం వల్ల నీరు, లవణాలు పోవడం తప్ప చర్మానికి ఒరిగేదేమీ లేదు.

ఇంకా పెద్ద ప్రమాదం, చీటీ లేకుండా షాపులో కొనే స్టెరాయిడ్ క్రీములు. రాసిన నాలుగు రోజులు ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఆపై చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండకు మండుతుంది. తామర ఉన్నవారికైతే అది ఒళ్లంతా పాకుతుంది. లోపలి కారణమూ కప్పబడిపోతుంది.

జొన్నను నేను తప్పు పట్టడం లేదు. పప్పు, మజ్జిగ, ఆకుకూర, గుడ్డు కలిసిన కంచంలో జొన్న రొట్టె మంచి తిండి. ఒక్క ధాన్యంతోనే కడుపు నింపుకోవాల్సిన పేదరికమే ఆనాటి అసలు రోగం. రేషను షాపులో బియ్యంతో సరిపెట్టకుండా పప్పు కూడా క్రమం తప్పక ఇవ్వాలని, అంగన్‌వాడీ గుడ్డు పిల్లల దాకా చేరాలని అడగడం చర్మవైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను.

డాక్టర్లకు ఒక మనవి. దద్దురు చూసి చీటీ రాసేముందు ఏం తింటున్నారు, విరేచనం ఎలా ఉంది, బరువు తగ్గారా, మద్యం అలవాటుందా, క్షయకు మందులు వాడుతున్నారా అని అడగండి. అతిగా తాగి తిండి మానేసినవారిలో, అరుదుగా క్షయ మందు ఐసోనియాజిడ్ వాడేవారిలో పెల్లాగ్రా ఇప్పటికీ కనిపిస్తుంది.

పాఠకులకు చెప్పేదొకటే. తగ్గని చర్మవ్యాధితోపాటు విరేచనాలు, నోటిపూత, నీరసం, బరువు తగ్గడం ఉంటే క్రీము మార్చడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. చర్మం బాధ ఒకరికి, పొట్ట బాధ ఇంకొకరికి చెప్పకండి. రెండూ ఒకే డాక్టరుకు, ఒకేసారి చెప్పండి. వాడుతున్న మందులు మాత్రం మీ అంతట మీరు మానేయకండి.