పన్నుకి పనికొచ్చిన కాయిన్ చట్టానికి పనికిరాదా?

మొన్న మా టీమ్‌లో ఒకడు రిటర్న్ వేస్తూ తల పట్టుకుని కూర్చున్నాడు. వాడికి బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో లక్ష నష్టం. చేతికి మిగిలింది సున్నా. కట్టాల్సిన పన్ను 30 వేలు, పైన సెస్సు! "ఇదెక్కడి లెక్కరా బాబూ" అన్నాడు.

ఇది 2022 బడ్జెట్ లెక్క. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసెయ్యకూడదు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్ళకూడదు. అది చాలదన్నట్టు ఆ ఏడాది జూలై 1 నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. అదే లక్షతో పదిసార్లు కొని అమ్మితే దాదాపు పదివేలు ఇరుక్కుపోయినట్టే. రిటర్న్‌లో సర్దుకోవచ్చు లెండి, కానీ అప్పటిదాకా ఆగాలి.

సరే, పన్ను కడదాం. మరి బదులుగా మనకేంటి?

2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపేసింది. 2020 మార్చిలో సుప్రీం కోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలని మనీ లాండరింగ్ చట్టం కిందకి తెచ్చారు. కేవైసీ, అనుమానం వచ్చిన లావాదేవీల మీద రిపోర్టులు.. మంచిదే. కానీ ఇవన్నీ ప్రభుత్వానికి కావలసినవి. డబ్బు పెట్టినవాడి కోసం ఏదీ?

2024 జూలైలో వజీర్‌ఎక్స్‌లో దాదాపు 23 కోట్ల డాలర్ల కాయిన్లు దొంగలపాలయ్యాయి. ఖాతాదారులు తమ కాయిన్ల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. పోగొట్టుకున్నది ఎక్కువగా మనవాళ్ళు, బాకీల పరిష్కారం నడిచింది సింగపూర్ కోర్టులో!

జపాన్‌ని చూడండి. 2014లో మౌంట్ గాక్స్ మునిగింది. 2017 నుంచి ఎక్స్ఛేంజీలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. 2018లో కాయిన్‌చెక్‌లో దొంగలు పడ్డాక రూలు ఇంకా బిగించారు: ఖాతాదారుల కాయిన్లలో కనీసం 95 శాతం ఇంటర్నెట్‌కి తగలని వాలెట్లలో ఉండాలి, మిగతా దానికి సరిపడా కంపెనీ సొంత ఆస్తి చూపించాలి. ప్రొడక్షన్‌లో బగ్ వచ్చాక ఫిక్స్ చెయ్యడం అంటే ఇదీ.

"చట్టం చేస్తే జూదానికి ముద్ర వేసినట్టే కదా" అంటారు కొందరు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ 30 శాతం వాటా తీసుకున్న రోజే ఆ ముద్ర సగం పడిపోయింది. క్రిప్టో కొనమని నేను ఎవరికీ చెప్పను. దాచిపెట్టే పద్ధతికి ఒక రూలు, పోతే ఎవరిది బాధ్యతో ఒక మాట, నష్టాన్ని నష్టంగా ఒప్పుకునే లెక్క.. ఈ మూడూ అడగడం అత్యాశా?

మీరేమంటారు?