విధి కాదు, కుట్ర

2022 జులైలో కేరళ శాసనసభలో సీపీఎం సీనియర్ సభ్యుడు, మాజీ మంత్రి ఎం.ఎం. మణి తోటి సభ్యురాలు కె.కె. రమను ఉద్దేశించి ఆమె వితంతువు కావడం ఆమె విధి అనీ, అందుకు తాము బాధ్యులము కామనీ అన్నారు. సభాపతి తప్పుపట్టిన మీదట ఆ మాటను ఉపసంహరించుకున్నారు. మాట వెనక్కి వెళ్లింది గానీ, దాని వెనుకనున్న ఆలోచన ఎక్కడికీ పోలేదు. చరిత్రను వర్గపోరాటమే నడుపుతుందని బోధించే పార్టీకి, సొంత ఇలాకాలో జరిగిన హత్య దగ్గరకు వచ్చేసరికి తలరాత గుర్తుకు వచ్చింది.

ఆ విధి ఎలా నడిచివచ్చిందో న్యాయస్థానాల రికార్డులలో ఉంది. 2012 మే 4 రాత్రి కోజికోడ్ జిల్లా ఒంచియం సమీపంలోని వల్లిక్కాడ్ వద్ద మోటార్‌సైకిల్‌పై వెళుతున్న టి.పి. చంద్రశేఖరన్‌ను ఇన్నోవా కారులో వచ్చినవారు ఢీకొట్టి పడవేశారు. జనం దగ్గరకు రాకుండా బాంబు విసిరారు. కత్తులతో నరికారు. దేహంపై లెక్కతేలిన గాయాలు 51.

ఆయన సంఘ్ పరివార్ మనిషి కాడు, కాంగ్రెస్ మనిషీ కాడు. 1948లో పోలీసు కాల్పులకు కమ్యూనిస్టులు బలైన ఒంచియం గడ్డ మీద ఎదిగిన మార్క్సిస్టు. పొత్తు ధర్మం పేరుతో ఏరామల పంచాయతీ అధ్యక్ష పదవిని జనతాదళ్‌కు అప్పగించాలన్న నిర్ణయాన్ని ధిక్కరించి, 2008లో అనుచరులతో సహా సీపీఎంను వీడి రివల్యూషనరీ మార్క్సిస్టు పార్టీని నిర్మించాడు. 2009లో వడకర లోక్‌సభ స్థానానికి పోటీ చేశాడు. అక్కడ సీపీఎం ఓడింది. మరుసటి ఏడాది ఒంచియం పంచాయతీ ఆయన పార్టీ వశమైంది. ఎర్రజెండా వదలకుండానే పార్టీని ఓడించవచ్చునని పార్టీ గ్రామంలోనే నిరూపించడం ఆయన చేసిన అసలు నేరం.

కత్తికంటే ముందు మాట వచ్చింది. పార్టీని వీడినవారిని అప్పటి రాష్ట్ర కార్యదర్శి పినరయి విజయన్ 'కులంకుత్తి' అన్నారు. సొంత వంశాన్ని నాశనం చేసినవాడని దాని అర్థం. హత్య తరువాతా ఆ మాటను ఆయన వదులుకోలేదు. అదే పార్టీ వ్యవస్థాపక నాయకులలో ఒకరైన వి.ఎస్. అచ్యుతానందన్ మాత్రం, నెయ్యాట్టింకర ఉపఎన్నిక పోలింగ్ నాడే ఒంచియం వెళ్లి రమను పరామర్శించారు. పార్టీలో మనస్సాక్షి చచ్చిపోలేదని, అయితే అది మైనారిటీలో ఉందని ఆనాడు దేశం చూసింది.

2014 జనవరిలో విచారణ కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది. వారిలో కిరాయి హంతకులతో పాటు సీపీఎం పానూర్ ఏరియా కమిటీ సభ్యుడు పి.కె. కుంజనంతన్, ఒక లోకల్ కమిటీ సభ్యుడు ఉన్నారు. జిల్లా స్థాయి నాయకుడు పి. మోహనన్ నిర్దోషిగా విడుదలయ్యారు, ఆ తీర్పును గౌరవించవలసిందే. కానీ ఆ కొద్ది వారాలకే పార్టీ తన అంతర్గత విచారణ ఫలితం ప్రకటించింది: ఇది లోకల్ కమిటీ సభ్యుడి వ్యక్తిగత కక్ష, అతన్ని బహిష్కరించాం, వ్యవహారం ముగిసింది!

వ్యక్తిగత కక్షే అయితే ఏరియా కమిటీ సభ్యుడు ఆ కుట్రలోకి ఎందుకు వచ్చాడు? శిక్ష పడిన ఆయనపై బహిష్కరణ వేటు ఎందుకు పడలేదు? 2020 జూన్‌లో ఆయన మరణించినప్పుడు ముఖ్యమంత్రి హోదాలో ఉన్న విజయన్ సంతాపం ఎందుకు ప్రకటించారు? 2024 ఫిబ్రవరిలో హైకోర్టు శిక్షలను సమర్థించడమే కాక, విచారణ కోర్టు వదిలేసిన మరో ఇద్దరు సీపీఎం నాయకులను కుట్రలో దోషులుగా నిర్ధారించింది. పలువురికి 20 ఏళ్ల వరకు శిక్ష తగ్గింపు కూడదంది. నాలుగు నెలలు తిరగకముందే ముగ్గురు దోషుల శిక్ష తగ్గింపు కోసం కన్నూర్ సెంట్రల్ జైలు నుంచి పోలీసులకు లేఖ వెళ్లింది. గగ్గోలు పుట్టాక జైలు అధికారులు ముగ్గురిని సస్పెండ్ చేశారు. రాష్ట్ర రాజకీయాలను పదేళ్లుగా కుదిపేసిన కేసులో ఇది గుమాస్తా పొరపాటని నమ్మమంటారా?

సంఘ్ పరివార్ చేతిలో తామూ కార్యకర్తలను పోగొట్టుకున్నామని సీపీఎం అంటుంది. అది నిజం. ఆ అమరుల పట్ల గౌరవం ఉన్న పార్టీ, వారి త్యాగాన్ని సాటి కమ్యూనిస్టు హత్యకు అడ్డుతెరగా వాడదు.

కుట్ర మూలాలు తేల్చేందుకు సీబీఐ దర్యాప్తు కావాలని 2014లో నిరాహార దీక్ష చేసిన రమ, 2021లో వడకర నుంచి శాసనసభకు గెలిచింది. భర్తను చంపితే వాదం చస్తుందనుకున్నవారికి ఓటర్లు చెప్పిన జవాబది. ఇక మిగిలింది పార్టీ జవాబు. వ్యక్తిగత కక్ష అన్న కట్టుకథను ఉపసంహరించుకుని, దోషులు తమవారేనని ఒప్పుకోవాలి. శాసనసభలో ఒక మాటను వెనక్కి తీసుకోగలిగినవారికి ఇది అసాధ్యం కాదు.