బిగించినవాడే ముందెక్కాలి

దువ్వాడలో కాపురం ఉంటే ఇల్లు సగం క్లోక్‌రూమే. విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్తే ఇంజను అటునుంచి ఇటు మార్చుకోవాలి. ఆ బెడద లేకుండా చాలా రైళ్లు ఊళ్లోకి పోకుండా మా మీదుగానే సాగిపోతాయి. అందుకని వేళాపాళా లేకుండా చుట్టాలు దిగుతుంటారు. తిరిగి రైలెక్కేటప్పుడు మోయలేనివన్నీ మా ఇంట్లో పడేసి పోతుంటారు. అలా మా బావమరిది బదిలీ మీద వెళ్తూ వదిలేసిన ఆస్తి ఒకటి నాలుగేళ్లు మా బాల్కనీలో తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. చక్రాల్లేవు, పెడళ్లు లేవు, చైను లేదు. ముందు ఫోర్కుతో ఓ లావుపాటి సైకిలు ఫ్రేము. అంతే.

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి కన్ను దానిమీద పడింది. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉందప్పుడు.

"నాన్నా, ఇది మౌంటెన్ బైకు. దీనికి చక్రాలూ గేర్లూ పెడితే నేను కొండ దాకా వెళ్లొస్తా."

"కొత్తది కొనిస్తాలే అమ్మా" అని ఉంటే సరిపోయేది. అనలేదు. "దానికేం భాగ్యం, మనమే బిగించేద్దాం" అన్నాను. ఉక్కు ఫ్యాక్టరీ పక్కన పాతికేళ్లుగా ఉంటున్నవాణ్ని, ఆమాత్రం సైకిలు బిగించలేనా అని నా ధీమా. నిజానికి నాది కాగితాల ఉద్యోగం. ఇంట్లో ఫ్యాను ఆగినా ఎలక్ట్రీషియన్‌కే ఫోను చేస్తాను. ఆ సంగతి మా ఆవిడ అప్పటికప్పుడే గుర్తుచేసింది. నేను వినిపించుకోలేదు.

పైగా అమ్మాయికి చరిత్ర కూడా చెప్పాను. అసలీ కొండ సైకిలు పుట్టిందే పాత సామాన్ల నుంచి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ అని ఒక ప్రాంతం ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు తమ తండ్రుల కాలం నాటి లావు టైర్ల సైకిళ్లు ఏరుకొచ్చి, వాటికి మోటారు సైకిలు బ్రేకు లివర్లూ, గేర్లూ తగిలించి, కొండ మీంచి మట్టి బాటలో దిగడం మొదలెట్టారు. 1976 అక్టోబరులో ఏకంగా పందెమే పెట్టారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు 400 మీటర్ల దిగుడు! కిందికొచ్చేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలి, లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగానీ రెండోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. 1979 కల్లా గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనే ఇద్దరు 'మౌంటెన్ బైక్స్' పేరుతో వ్యాపారమే పెట్టేశారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అదొక పోటీ అయి కూర్చుంది. పాత సామాను ఇరవై ఏళ్లలో ఒలింపిక్స్ దాకా వెళ్లిందన్నమాట.

అంతా విని మా అమ్మాయి ఒకటే ప్రశ్న అడిగింది. "వాళ్లకి పని వచ్చు కదా నాన్నా?"

ఇరవయ్యారుకీ ఇరవయ్యారుకీ తేడా

ఆ ప్రశ్నకు జవాబు టైర్ల దగ్గరే దొరికింది. మా ఫ్రేముకు 26 అంగుళాల చక్రం పడుతుందని తేల్చుకున్నాం. రిమ్ములు గాజువాకలో కొన్నాను. టైర్లు ఇంటర్నెట్లో తెప్పించాను. రెంటిమీదా 26 అని స్పష్టంగా ఉంది. తీరా చూస్తే టైరు రిమ్మెక్కదు. నేను అటు లాగితే ఇటు ఊడుతుంది, అమ్మాయి ఇటు లాగితే అటు ఊడుతుంది.

కూర్మన్నపాలెం వెళ్లే దారిలో వేపచెట్టు కింద ఒక సైకిలు షాపుంది. షాపంటే ఓ చెక్క డబ్బా, గాలి పంపు, పంక్చరు చూసే నీళ్ల తొట్టె. దాని ఆసామికి డెబ్బై దాటి ఉంటాయి. మా అమ్మాయి మొదటిరోజే ఆయన్ని 'తాతా' అనేసింది. ఆయన రిమ్మునీ టైరునీ పక్కపక్కన పెట్టి నవ్వాడు.

"ఏటి బావూ, రెంటికీ ఇరవయ్యారనుందని రెండూ ఒకటేననుకున్నావేటి? ఇది ఆడోళ్ల సైకిలు రిమ్ము. అది కొండ బండి టైరు. పక్కన సన్నటచ్చరాల్లో ఇంకో అంకె ఉంటాది, సూడు."

అమ్మాయి చూసింది. టైరు మీద 559 అని ఉంది. సన్న టైరు వేసుకునే మామూలు 26 రిమ్ముకి ఆ లెక్క 590. ఇవి రిమ్ము మీద టైరు కూర్చునే చోట అడ్డకొలత, మిల్లీమీటర్లలో. ఆ 26 అనేది టైరుకు గాలి కొట్టాక పై నుంచి పై దాకా ఉజ్జాయింపుగా వేసిన లెక్క. పేరొకటే, మనిషి వేరు. వాడని సరుకు కాబట్టి రిమ్ములు మార్చి ఇచ్చారు, బతికిపోయాను. మీరెప్పుడైనా టైరు కొనాల్సొస్తే మాత్రం పెద్ద అంకె చూసి మోసపోకండి, చిన్న అంకె చూడండి.

"తాతా, చక్రాలు మీరే అల్లి ఇచ్చేయండి" అంది అమ్మాయి.

"నాను బిగిస్తే నా బండవుద్ది పాపా. నీ బండని సెప్పుకోవాలంటే నువ్వే అల్లాల. కూకో, సూపిస్తాను" అన్నాడాయన.

నులక మంచంలాంటి చక్రం

ఒక్కో చక్రానికి 36 పుల్లలు. మన పాత పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉండేవి. హబ్బు నుంచి బయల్దేరిన పుల్ల తిన్నగా రిమ్ముకు పోదు. ఏటవాలుగా, మధ్యలో మూడు పుల్లల్ని దాటుకుంటూ పోతుంది. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్న పద్ధతికి వారసత్వమే ఇది. రెండు మిల్లీమీటర్ల తీగ నా 80 కిలోలను ఎలా మోస్తుందా అని నా అనుమానం. తాత నులక మంచం గుర్తుచేశాడు. నులక బిగువుగా ఉంటేనే మంచం మనిషిని మోస్తుంది. ఇక్కడా అంతే. పుల్లలన్నీ రిమ్మును లోపలికి లాగి పట్టుకుని ఉంటాయి. ఆ లాగుడు అన్నివైపులా సమానంగా ఉన్నంతవరకే చక్రం చక్రంలా ఉంటుంది. ఒక్కటి వదులైతే పక్కవాటి మీద బరువు పడుతుంది, రిమ్ము వంకరపోతుంది. మా ఉక్కు ఫ్యాక్టరీలోంచి చుట్టలు చుట్టలుగా వైర్ రాడ్డు బయటికెళ్లడం ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. అలాంటి రాడ్డునే సన్నగా లాగి తీగ చేసి, ఆ తీగతోనే పుల్లలు చేస్తారని నాకు ఆ వేపచెట్టు కిందే తెలిసింది.

అల్లడం ఒక పూట పట్టింది. బెండు తీయడానికి నాలుగు రోజులు. చక్రాన్ని తిప్పుతూ పక్కన సుద్దముక్క పట్టుకుంటే, వంకర ఉన్నచోట రిమ్ముకు గీత పడుతుంది. కుడికి వంగితే ఎడమవైపు పుల్లలు బిగించాలి. ఎంత? పావు మలుపు. అంతకు మించకూడదు. నేను పావు మలుపుతో పనయ్యేలా లేదని ఒక్కసారే పూర్తిగా తిప్పేవాణ్ని. వంకర తీరేది కాదు, పక్కకు జరిగేది. అమ్మాయి మాత్రం పావు తిప్పి, చక్రం తిప్పి, చూసి, మళ్లీ పావు తిప్పేది. ఆఖరికి ఒక్కో పుల్లనీ వేలితో మీటి చప్పుడు వినేది. ఒకేవైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకేలా మోగితే బిగువు సమానంగా ఉన్నట్టు.

"పాపకి ఓపికుంది బావూ" అన్నాడు తాత. నాకు లేదనే మాట ఆయన అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఇంటి దగ్గర గేర్ల లెక్క కూడా తనే వేసింది. మామూలు సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. మా బండికి అన్నిటికంటే చిన్న గేరులో ముందు 22, వెనక 28. ఒక చుట్టుకు మీటరున్నర పైచిలుకే. దూరం తగ్గింది కాబట్టి కాలికి బరువూ తగ్గింది, కొండ ఎక్కొచ్చు. భౌతికశాస్త్రం మార్కులు ఎందుకు తగ్గాయని ఆ సాయంత్రం నేనిక అడగలేదు.

ఎల్ అంటే ఎడమ

ఇక అసలు కథ. ఫ్రేము అడుగున పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం ఉంటుంది. మా ఫ్రేముకు దాని కుడివైపు కప్పు ఉల్టా మర. ఎడమకి తిప్పితే బిగుస్తుంది. తాత చెప్పాడు, బిగించాం. నాకది బాగా గుర్తుండిపోయింది. ఎంత బాగా అంటే, పెడళ్లు బిగించేటప్పుడు కూడా కుడివైపు ఉల్టా మరే ఉంటుందనుకున్నాను. ఉల్టా మర ఉన్న పెడలు ఏరి కుడి క్రాంకుకి పెట్టాను.

"నాన్నా, దాని మీద ఎల్ అని రాసుంది."

"ఎల్ అంటే లార్జో ఏదో. కుడివైపు ఉల్టా అని తాత చెప్పలేదూ? నీకు తెలీదు, ఉండు."

మర అందుకోలేదు. పొడుగు పానా తెచ్చి బలం ప్రయోగించాను. ఇనుప పెడలు, అల్యూమినియం క్రాంకు. కిర్రుమని చప్పుడైంది. నేల మీద వెండి పొడిలా రాలింది. క్రాంకులో మర మొత్తం నున్నగా అయిపోయింది. అదీ పళ్లచక్రాలతో కలిసి వచ్చే కుడి క్రాంకు, అన్నిటికంటే ఖరీదైంది.

"నాసిరకం సామాను" అన్నాను.

అమ్మాయి ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని లోపలికెళ్లిపోయింది. మర్నాడంతా నాతో మాట్లాడలేదు. మూడు వారాల పనిని మూడు నిమిషాల్లో పాడుచేశాను. అది కాదు తన బాధ. తను సరిగ్గానే చెప్పింది, నేను వినలేదు.

ఆ మర్నాడు తాత క్రాంకు రంధ్రంలో వేలు పెట్టి తడిమాడు. "ఎవులు బిగించారు?" అన్నాడు. అమ్మాయి నా మొహంలోకి చూసింది. నాసిరకం సామాను అనే మాట నాలుక చివర దాకా వచ్చింది.

"నేనే. పాప చెప్పింది, నేనే వినలేదు" అన్నాను.

ఆయన తిట్టలేదు. "తొక్కేకొద్దీ ఎడం పెడలు దానంతటదే ఊడొచ్చెయ్యకుండా దానికి ఉల్టా మర ఎడతారు. ఎల్ అంటే ఎడం. ఆటోనగర్‌లో లేతు మిషనుకాడికెల్లండి, బుష్ ఏసి కొత్త మర తీస్తారు" అన్నాడు. వెళ్లాం. తీశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి నా పక్కనే కూర్చుంది. ఈసారి పెడళ్లు తనే బిగించింది.

మోకాళ్ల మధ్య పరీక్ష

బండి పూర్తయిన రోజు తాతకు చూపించడానికి నడిపించుకుంటూ తీసుకెళ్లాం. మా ఇంటి వెనక కొండ వైపు పోయే మట్టి బాట వాలులో ఆ సాయంత్రమే దిగాలని అమ్మాయి ఉబలాటం. బ్రేకులు నొక్కి చూశాడు. రబ్బరు బ్లాకులు టైరుకు తగలకుండా రిమ్మునే పడుతున్నాయి. చక్రాల నట్లు చూశాడు. తర్వాత బండికి ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, హ్యాండిలు పట్టుకుని గట్టిగా మెలితిప్పాడు.

చక్రం కదల్లేదు. హ్యాండిలు మాత్రం పక్కకు తిరిగిపోయింది.

హ్యాండిలు కాడ బోల్టు బిగించింది నేను. "అన్నీ బిగించేశాను" అని చెప్పిందీ నేనే. వాలులో రాయి అడ్డమొస్తే పిల్ల హ్యాండిలు ఇటు తిప్పేది, చక్రం అటు పోయేది. ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. తాత పానా నా చేతిలో పెట్టాడు. బిగించాను. ఆయన మళ్లీ మెలితిప్పాడు. ఈసారి రెండూ కలిసే ఉన్నాయి.

అమ్మాయి ఎక్కబోతే ఆపాడు.

"బిగించినోడే ముందెక్కాల. మా మేస్త్రీ కాణ్నించీ ఇదే పద్దతి. ఎక్కు బావూ."

ముప్ఫై ఏళ్ల తర్వాత సైకిలెక్కాను. వేపచెట్టు నుంచి వీధి మలుపు దాకా వెళ్లొచ్చాను. ప్రతి గతుకు దగ్గరా నేను బిగించిన నట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొనుక్కున్న సైకిలు మీద ఎప్పుడూ అలా గుర్తురాలేదు. ఎవరో ఎక్కడో బిగించి ఉంటారు, మనం ఎక్కి తొక్కేస్తాం. ఆ ఎవరో కూడా మనలాగే తొందరపడి ఉంటే?

లెక్క చూస్తే కొత్త బండి ఖరీదు కంటే మా ఖర్చే ఎక్కువైంది. మా ఆవిడ ఆ కాగితం దాచి ఉంచింది, అవసరమైనప్పుడు తీస్తుంది. తాతకు డబ్బులివ్వబోతే పుల్లల ఖరీదు మాత్రం తీసుకున్నాడు. "పంచర్లే గానీ ఈ పని అడిగినోళ్లు లేరు బావూ. నాకూ సెయ్యి మర్సిపోకుండా అయింది" అన్నాడు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రతి ఆదివారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని కొండ వైపు వెళ్తుంది. బయల్దేరే ముందు బండికి ఎదురుగా నిలబడి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిలు మెలితిప్పుతుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటాను. అది కదలదని నాకు తెలుసు. అయినా తను తలెత్తి "సరిగ్గా ఉంది నాన్నా" అనేదాకా లోపలికి రాను.