ఒళ్ళు ఇక్కడ, ఓటు ఊళ్ళో

"రాజకీయాలతో మనకేం పని? మన రెక్కలే మనకు దిక్కు." గార్మెంట్స్‌కి పోయే మన తెలుగువాళ్ళ నోట ఈ మాట విన్నప్పుడల్లా నా రక్తం ఉడికిపోతుంది. ఆ మాట అబద్ధమని తేల్చింది బెంగళూరులోని ఈ బొమ్మనహళ్ళి రోడ్డే!

2016 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పీఎఫ్‌లో యాజమాన్యం కట్టిన వాటాను 58 ఏళ్ళు నిండేదాకా ముట్టుకోకూడదట. రాసినవాళ్ళ లెక్కలో అది ముసలితనానికి ఆసరా. మిషన్ తొక్కే ఆడమనిషికి మాత్రం అది కూతురి కాలేజీ ఫీజు, ఊళ్ళో వడ్డీ బాకీ, ఆస్పత్రి ఖర్చు. నలభై దాటితే కళ్ళూ నడుమూ మొరాయించే పనిలో 58 దాకా ఆగేదెవరు?

ఏప్రిల్ 18న ఇక్కడి ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి హోసూరు రోడ్డెక్కారు. ఏ యూనియనూ పిలవలేదు, ఏ నాయకుడూ ముందు నడవలేదు. రెండు రోజుల్లో లాఠీలు లేచాయి, బాష్పవాయువు పేలింది, బస్సులు తగలబడ్డాయి. రెండో రోజే, 19న, కేంద్రం ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఆ రద్దును ప్రకటించింది అప్పటి కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ, మన తెలుగాయనే. రెండంటే రెండు రోజులు! ఉత్తర్వు బ్రహ్మరాత కాదు. ఒక చెయ్యి రాసింది, వేల చేతులు చెరిపించాయి.

మరి మనం చెరిపించలేకపోయినదీ చూడండి. 2023 జూన్ 11న కర్ణాటక శక్తి పథకం తెచ్చింది, ఆడవాళ్ళకు బస్సు ఉచితం. మంచి పథకం, చేతులెత్తి మొక్కుతాను. కానీ అది ఈ రాష్ట్రపు చిరునామా ఉన్నవాళ్ళకే. మా వఠారంలో ఉండే అక్క కదిరి నుంచి వచ్చి పన్నెండేళ్ళు. అంచులు నలిగిన ఆధార్ చూపిస్తే కండక్టరు చిరునామా చదివి, తల అడ్డంగా ఊపి, డబ్బుల టికెట్టు చింపాడు. పక్క సీట్లో ఆమెకు సున్నా టికెట్టు. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే లైను, ఒకే జీతం!

ఎందుకిలా? మన ఓటు ఊళ్ళో ఉంది కాబట్టి. ఎన్నికలొస్తే ఎవరో పెట్టిన బస్సెక్కి పోయి, వేలికి సిరా పూయించుకుని వస్తాం. ఇక్కడ మనల్ని లెక్కపెట్టాల్సిన అవసరం ఎవరికుంది? బెంగళూరు మహానగర పాలికె కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్ళు గడిచినా ఎన్నికలు పెట్టలేదు. మోరీ పొంగితే అడగడానికి వార్డులో కార్పొరేటరే లేకపోయాడు. "ఎవడొచ్చినా అంతే" అనేవాళ్ళారా, ఎవడూ రాకపోతే ఎలా ఉంటుందో ఐదేళ్ళు అనుభవించాం కదా!

ఓటు ఒక్కటే చాలదు, రోడ్డూ కావాలి. కానీ రోడ్డు మీద రోజూ కూర్చోలేం. రోజూ మన తరఫున అడిగేవాణ్ణి నిలబెట్టేది ఓటే.

మొన్న ఆదివారం ఆ అక్కతో ఓటు మార్చుకునే ఫారం 8 నింపించాను. బొమ్మనహళ్ళి అని రాయబోతూ పెన్ను ఆపింది. "అన్నా, ఇది రాస్తే ఊరు నన్ను మరిచిపోదా?"

"ఊరు మరవదక్కా. ఈ ఊరికి నువ్వున్నావని తెలియాలి కదా! రాయి" అన్నాను.

రాసింది.