ఓడిన జట్టుకు మళ్లీ ఏడాది ఉంది

ప్రతి వార్షికోత్సవ సంచికలో పాసైనవాళ్ల ఫోటోలు వేస్తాం. ర్యాంకులు, సీట్లు, ఉద్యోగాలు రాస్తాం. రాయాల్సిందే. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే కాబట్టి ఆ సంతోషం ఎంతటిదో మాకు తెలుసు. కానీ మనతో పాటు ఒకే గదిలో పడుకుని, పదో తరగతిలో ఆగిపోయినవాళ్ల మాటేమిటి? వాళ్ల గురించి మాట్లాడుకోవడానికి ఒక ఫుట్‌బాల్ కప్పు కథ పనికొస్తుంది.

డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది. మొదట్లో అది తెల్లవాళ్ల సైనిక జట్ల ఆట. ప్రపంచ యుద్ధం, దేశ విభజనల వల్ల కొన్నేళ్లు ఆగిపోయి, స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఢిల్లీలో మళ్లీ జరిగింది. నాకౌట్ పోటీ. ఓడితే ఇంటికే. ఆ ఏడాది ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది ఎవరో తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు! అదే జట్టు బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఈ గెలుపులు గొప్పవే. మేం చెప్పదలచుకున్నది మాత్రం ఓటముల గురించి. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఇదే పోలీసు జట్టు ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. 1954లో మళ్లీ కప్పు గెలిచింది. 1956 ఫైనల్లో మళ్లీ ఈస్ట్ బెంగాల్ చేతిలోనే ఓడింది. మరుసటి ఏడాది అదే ఈస్ట్ బెంగాల్‌ను ఓడించింది.

ఎలా లేచింది? ఓడినంత మాత్రాన ఆ జట్టు చెదిరిపోలేదు. పోలీసు శాఖ ఉంది, గ్రౌండ్ ఉంది, రహీం ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం శిక్షణకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా రహీమే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరామే రెండు ఒలింపిక్స్ ఆడాడు. ప్రతిభ కాళ్లలో ఉంటే చాలదు, సైకిల్ అద్దె కూడా ఉండాలి.

ఇప్పుడు మన సంగతి. వాన మోసం చేస్తే మన అనంతపురం రైతు అప్పు చేసైనా మళ్లీ విత్తుతాడు. మరి ఒక్క సబ్జెక్టు పోయిన పిల్లవాడిని ఏం చేస్తున్నాం? వాడు అమ్మానాన్నలతో బెంగళూరు కట్టడాల పనికి పోతాడు. ఆడపిల్లయితే పెళ్లి చేసేస్తారు. మన బతుకులో ప్రతి పరీక్షా నాకౌటే.

నాకౌట్ పోటీలో కూడా ఆ రోజుల్లో మ్యాచ్ డ్రా అయితే మళ్లీ ఆడించేవారు. పదో తరగతికీ సప్లిమెంటరీ అని ఒక రీప్లే ఉంది. కానీ మేం చదివిన రోజుల్లో అది వేసవి సెలవుల్లో వచ్చేది. అప్పుడు హాస్టల్‌కు తాళం. పుస్తకం చెప్పేవాళ్లు లేరు, రెండు పూటలా అన్నం లేదు, ఇంట్లో పని ఆగదు. ఆట పెట్టి గ్రౌండ్ గేటు మూసేస్తే ఆ ఆట ఎవరి కోసం?

తప్పినవాళ్లకు కూడా హాస్టల్ పెడితే సోమరితనం నేర్పినట్టే అని కొందరంటారు. తప్పినవాడు సోమరి అని ఎవరు తేల్చారు? ఇంట్లో అక్షరం చెప్పే దిక్కులేని పిల్లవాడికి లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గడం సోమరితనం కాదు.

అందుకే మేం కోరేది ఒక్కటే. సప్లిమెంటరీ పరీక్షలు ముగిసేదాకా, తప్పిన విద్యార్థుల కోసం హాస్టల్ తెరిచి ఉంచాలి. ప్రభుత్వానికి అయ్యే ఖర్చు కొన్ని వారాల బియ్యం, పప్పు, ఒక వాచ్‌మన్ జీతం. చదువు చెప్పే పని మనం చేద్దాం. పీజీ చదువుతున్న మేం లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి సిద్ధం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ! మీ ఊళ్లో తప్పిన పిల్లల ఇంటికి ఒకసారి వెళ్లి, బెంగళూరు బస్సు ఎక్కకముందే వాళ్లను పిలుచుకురండి. పైకొచ్చిన మనం ఆ మాత్రం సైకిల్ అద్దె ఇవ్వలేమా?