జహేజ్ వేరు, హిస్సా వేరు



మొన్న దంతాలపల్లిలో మా రిష్తేదారుల ఇంట్లో చహల్లుం. దస్తర్‌ఖాన్ ఎత్తగానే జమీన్ మాట వచ్చింది. మర్హూమ్‌కు ఐదెకరాల చెల్క ఉంది. బీవీ, ఇద్దరు కొడుకులు, ముగ్గురు బిడ్డలు. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు.

"చెల్లెండ్లకు జహేజ్ ఇచ్చినం గదా, ఇంక హిస్సా ఏంది?" అన్నాడు పెద్దోడు.

"ఆ భిన్నాల లెక్క మౌల్వీసాబ్‌కే తెల్వాలె" అన్నాడు చిన్నోడు.

మసలా అడగడానికి మౌల్వీసాబ్ కావాలి, నిజమే. కానీ లెక్క ఏడో తరగతిది. అక్కడే ఉన్న వాళ్ల భాంజీతోనే చేయించాను.

ముందు కఫన్-దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, ఆ తర్వాత వసీయత్ ఉంటే మూడో వంతు దాటకుండా. మిగిలిందే వారిసులకు. ఔలాద్ ఉంది కాబట్టి బీవీకి 1/8. మిగిలిన 7/8 పిల్లలది. కొడుక్కి రెండు పాళ్లు, బిడ్డకు ఒకటి. మొత్తం ఏడు పాళ్లు. ఒక పాలు 7/8 × 1/7 = 1/8. ఐదెకరాలంటే 200 గుంటలు. అమ్మీకి 25, ఒక్కో బిడ్డకు 25, ఒక్కో కొడుక్కి 50. కూడితే సరిగ్గా 200.

పంచకుండా నాన్చితే? రేపు అమ్మీ కూడా పోతే ఆమె 1/8 మళ్లీ ఏడు పాళ్లు, పాలుకు 1/56. అప్పుడు బిడ్డ హిస్సా 1/8 + 1/56. హారం ఒకటి చేస్తే 7/56 + 1/56 = 8/56, అంటే 1/7. ఇది ఇంకా సులువే. మనవళ్ల దాకా పోతే హారం పెరుగుతూ పోతుంది, దిలోం మే దూరీ కూడా.

9వ శతాబ్దంలో బగ్దాద్‌లో అల్-జబ్ర్ కితాబ్ రాసిన అల్-ఖ్వారిజ్మీ, అందులో పెద్ద భాగం వసీయత్, విరాసత్ లెక్కలకే ఇచ్చాడు. ఆ ఇల్మ్ మనది. మనమేమో "లెక్క రాదు" అని బహానా చెప్తున్నాం.

జహేజ్ రివాజ్. హిస్సా సూరె నిసాలో ఉన్న ఫర్జ్. ఒకటి ఇచ్చి రెండోది కొట్టేయలేం. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆపా "మాఫ్ చేసిన" అంటే అది రజామందీ కాదు, మజ్బూరీ. ముందు ఆమె పాతిక గుంటలు ఆమె పేరు మీదికి రానీయండి. తర్వాత తోఫాగా ఇస్తుందో, సాగు చేసుకుంటుందో ఆమె మర్జీ.

మన మక్తబ్‌లలో నమాజ్, దువాలతో పాటు ఈ ఒక్క లెక్క కూడా నేర్పండి. ఆ భాంజీ కాగితం మీద 25 రాసి, వాళ్లమ్మ వైపు చూసింది. మామూలు ఇద్దరూ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు.