తప్పును దాచని మందే మంచి మందు

అమెరికాలో తుపాకుల దుకాణాల్లో ఒక బీరువా నిండా ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి. మూత తీసి చూస్తే ఒకదాంట్లో గసగసాలంత నల్లటి గుండ్లు, ఇంకోదాంట్లో సన్నగా తరిగిన సేమ్యా లాంటి ముక్కలు, మరోదాంట్లో నలిపిన ఆకు లాంటి రేకులు. అన్నీ తుపాకిమందులే. రంగు దాదాపు ఒకటే. కానీ ఒకదాని బదులు ఇంకోటి వాడితే తుపాకి చేతిలోనే పేలిపోవచ్చు.

ఈ డబ్బాలు కొనేది కాల్చిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకొనేవాళ్లు. అక్కడ దీన్ని ‘రీలోడింగ్’ అంటారు. పోటీల కోసం వారం వారం వందల తూటాలు కాల్చేవాళ్లకు ఇది ఖర్చు తగ్గించుకునే మార్గం. 2020లో కరోనా రోజుల్లో తూటాలకు కటకట వచ్చినప్పుడు చాలామంది కళ్లు దీనిమీద పడ్డాయి. అమ్మకానికి తయారు చేస్తే లైసెన్సు కావాలి కానీ, సొంత వాడకానికి నింపుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు.

నాలుగు ముక్కల తూటా

మనం తూటా అనేదాంట్లో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు సీసపు గుండు. కాల్చాక మిగిలేది ఇత్తడి తొడుగు. దాన్ని శుభ్రం చేసి, సరైన కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త గుండు పెడితే మళ్లీ తూటా సిద్ధం.

ఈ పని ఇప్పటిది కాదు. 19వ శతాబ్దంలో అడవిదున్నలను వేటాడినవాళ్లు గుడారాల్లో కూర్చుని తూటాలు నింపుకొనేవారు. అప్పట్లో ఉన్నది ఒకటే మందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వీయే అనే రసాయన శాస్త్రవేత్త పొగరాని మందు కనిపెట్టాడు. మూడేళ్లకు ఆల్‌ఫ్రెడ్ నోబెల్ బాలిస్టైట్ తెచ్చాడు. 1889లో బ్రిటన్ కార్డైట్ తయారు చేసుకుంది. మన నీలగిరుల్లోని అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీకి ఆ పేరు వచ్చింది దీనివల్లే.

కొత్త మందుకు బలం ఎక్కువ. అంటే కొంచెం వేస్తే చాలు. చిక్కంతా ఈ ‘కొంచెం’ దగ్గరే మొదలైంది.

ఎండుగడ్డి... మోదు దుంగ

పొయ్యిలో ఎండుగడ్డి వేస్తే భగ్గున మండి ఆరిపోతుంది. దుంగ పెడితే నిదానంగా, చాలాసేపు మండుతుంది. తుపాకిమందుల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. రేణువు ఆకారం, పరిమాణం, దానిమీద వేసిన పూత మార్చి తయారీదారులు మంట వేగాన్ని అదుపు చేస్తారు.

రైఫిల్ గొట్టం రెండడుగుల దాకా ఉంటుంది. గుండు ముందుకు సాగుతున్నంతసేపూ వెనక నుంచి తోస్తూ ఉండాలి కాబట్టి దానికి నిదానంగా మండే మందు కావాలి. పిస్టల్ గొట్టం పొడవు నాలుగైదు అంగుళాలే. సెకనులో వెయ్యో వంతు గడిచేలోపే గుండు బయటపడుతుంది. ఆలోగా మందు మండాలి. నిదానమైన మందు వేస్తే కొంత గొట్టం బయట మండి, మెరుపు తప్ప ఫలితం ఉండదు. పిస్టల్ మందును రైఫిల్లో నిండుగా పోస్తే మాత్రం అది మెరుపుతో సరిపెట్టదు. తుపాకినే చీల్చేస్తుంది.

లోపల పుట్టే ఒత్తిడి మామూలుది కాదు. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30 నుంచి 35 పౌండ్లు. 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటాకు అమెరికాలోని ప్రమాణాల సంస్థ ‘సామీ’ అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 35,000 పౌండ్లు. అంటే టైరుకు వెయ్యి రెట్లు! అది పుట్టేది గుప్పిట్లో పట్టుకున్న ఇనుప గొట్టంలో.

ఖాళీ జాగాతోనే ప్రమాదం

ఇంతకీ పిస్టల్‌కు ఏ మందు మంచిది? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బలమైనదానికోసం చూస్తారు. లేదంటే తక్కువ పరిమాణంతో సరిపోయేదానికోసం చూస్తారు. ఒక డబ్బాతో ఎక్కువ తూటాలు వస్తాయి కదా అని. అనుభవం ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న వేరు. ‘నేను పొరపాటు చేస్తే నాకు కనిపిస్తుందా?’

అమెరికాలో పేరున్న .38 స్పెషల్ తూటా సంగతే చూడండి. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1898లో దాన్ని తెచ్చినప్పుడు నల్లమందు వాడకం ఇంకా పోలేదు. ఆ మందు ఎక్కువ పోయాలి కాబట్టి తొడుగు పొడుగ్గా చేశారు. తర్వాత పొగరాని మందు వచ్చి చేరింది. తొడుగు మాత్రం అంతే ఉండిపోయింది. అది తట్టుకోవాల్సిన గరిష్ఠ ఒత్తిడి 17,000 పౌండ్లే, 9 మిల్లీమీటర్ల తూటాతో పోలిస్తే సగం కూడా లేదు. బుల్స్ ఐ లాంటి త్వరగా మండే పాతకాలపు మందు వేస్తే తొడుగు అడుగున కాస్త పరుచుకుంటుంది. మిగతాదంతా ఖాళీ.

నింపేటప్పుడు ఫోన్ మోగుతుంది. పిల్లలు పిలుస్తారు. తిరిగొచ్చి, పోసిన తొడుగులోనే మళ్లీ పోస్తే? రెండు రెట్ల మందు పడ్డా తొడుగు పొంగదు. పైన గుండు బిగిస్తే బయటికి తేడా తెలీదు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే పులుసు పారబోస్తాం. ఇక్కడ పోయేవి వేళ్లు, కళ్లు.

అందుకే తొడుగులో సగానికి మించి నిండే మందును ఎంచుకోమంటారు. అలాంటిది రెండుసార్లు పోస్తే అంచు దాటి బల్లమీద ఒలికిపోతుంది. చేసినవాడికి తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. 2000ల దశకంలో వచ్చిన ‘ట్రెయిల్ బాస్’ అనే మందు వెనక ఉన్న ఆలోచన ఇదే. దాని రేణువులు చిల్లుగారెల్లా మధ్యలో రంధ్రంతో ఉంటాయి. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. పాతకాలపు పొడుగు తొడుగులను నింపడానికే దాన్ని తయారుచేశారు.

అలాగని తొడుగు నిండితే చాలని ఏ మందు పడితే ఆ మందు పోయకూడదు. మందు, గుండు బరువు, తుపాకి రకాన్ని బట్టి తయారీదారులు పరీక్షించి ముద్రించిన పట్టికలుంటాయి. ముందు ఆ పట్టికలో ఉన్న మందై ఉండాలి. అందులోనూ తొలి కొలతతోనే మొదలుపెట్టాలి. ఆ తర్వాతే నిండుదనం లెక్క.

పేర్లతో తంటా

డబ్బాల మీద పేర్లూ తికమక పెడతాయి. వించెస్టర్ 231, హెచ్‌పీ-38 అని రెండు డబ్బాలున్నాయి. పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే. రైఫిళ్లకు వాడే హెచ్ 4895, ఐఎంఆర్ 4895 సంగతి తిరగేసి ఉంటుంది. అంకె ఒకటే అయినా మందులు వేరు. ఒకదాని కొలత ఇంకోదానికి వాడకూడదు. కొలతల్లోనూ ఇబ్బంది ఉంది. మందును ‘గ్రెయిన్ల’లో తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. దాన్ని గ్రాము అనుకుంటే కొలత పదిహేను రెట్లు దాటుతుంది.

అందుకే కొన్ని పద్ధతులు గట్టిగా పాటిస్తారు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి. పని కాగానే మిగిలిన మందు అదే డబ్బాలోకి వెళ్లాలి. చీటీ ఊడిపోయిన డబ్బా ఎంత నిండుగా ఉన్నా వాడకూడదు. గుండ్లు బిగించేముందు తొడుగులన్నీ పలకలో నిలబెట్టి టార్చి వేసి చూడాలి. ఎక్కువ పడినదాంతో పాటు అసలు మందే పడని తొడుగూ అప్పుడు దొరుకుతుంది.

మందు పడని తూటాను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ప్రైమర్ ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టి అక్కడే ఇరికిస్తుంది. శబ్దం ‘టప్’మని చిన్నగా వస్తుంది. అది పట్టించుకోకుండా రెండో గుండు కాలిస్తే గొట్టం పగిలిపోవచ్చు.

మన దగ్గర ఇలా కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. మన క్రీడాకారుల్లో చాలామందికి ఆ అవసరమూ రాదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడితో గుండు వెళుతుంది. మరో హైదరాబాదీ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్లో వాడేది .22 తూటా. దాని నిప్పుమందు తొడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి మామూలుగా దాన్ని తిరిగి నింపరు.

అయినా ఈ సూత్రం తుపాకుల దగ్గరే ఆగిపోయేది కాదు. ఎంత అనుభవం ఉన్నా మనిషన్నాక ఏదో ఒక రోజు పరధ్యానంలో పడతాడు. ఆ రోజున పొరపాటును కప్పిపుచ్చేది కాదు, కళ్లముందు ఒలికిపోయి పట్టించేదే మంచి పద్ధతి.